బల్లులను పట్టే చెయ్యి

కమాల్ బాషా బోర్లా పడుకుని కుడిచేతిని భుజం దాకా రాతిసందులో పెట్టి ఉన్నాడు. చెంప బండకు ఒత్తుకుపోయింది. తెల్లగడ్డంలో ఇసుక చేరింది. సందు లోపల ఏదో మెత్తటిది మణికట్టు మీదుగా పాకి, ఇంకా లోపలికి జరిగింది.

"రావే నా తల్లీ, రా. నిన్నేమన్నా కూర వండుకుంటానా? చుక్క పెట్టి ఇడుస్తా" అని బతిమాలాడు. అది రాలేదు. "రాకుంటే సావు" అని తిట్టి, వేళ్లు కొంచెం వంచి కదలకుండా ఉండిపోయాడు.

ఆ చేతికి ఉన్నవి మూడు వేళ్లే. చిటికెన వేలు, దాని పక్క వేలు మొదలంటా లేవు. అవి పోయిన చోట చర్మం ముడుచుకుని, నున్నగా, మిగతా చెయ్యి కంటే తెల్లగా ఉంటుంది. అరచెయ్యి సగానికి సన్నబడింది కాబట్టి మామూలు మనుషుల చేతులు దూరని సందుల్లో కూడా అది దూరుతుంది. పోయిన వేళ్ల వల్ల కలిగిన లాభం ఇన్నేళ్లలో ఇదొక్కటే.

చివరికి బల్లి చిక్కింది. జానెడు పొడవుంది. గొంతు కిందా పక్కటెముకల మీదా పసుపు, కొత్తగా తోమిన ఇత్తడి చెంబు రంగు. కాలివేళ్ల చివర రెండేసి చిన్న ఆకుల్లాంటి మెత్తలున్నాయి. అతని బొటనవేలి కింద దాని గుండె టకటకా కొట్టుకుంటోంది. తోక మొదట్లో ఆకుపచ్చ రంగు చుక్క పెట్టి, ఫోన్లో ఫోటో తీసి, గోడ మీద వదిలాడు. అది తలకిందులుగా పైకప్పు మీదికి పరుగెత్తి, అక్కడినుంచి అతన్ని చూసింది.

"ఏంది సూస్తావు? బతుకు. నువ్వు బతికుంటేనే వాడు సచ్చేది" అన్నాడు కమాల్ బాషా.

ఆ చోటు పేరు నీళ్లగవి. జమ్మలమడుగు దాటాక ఎర్రటి కొండ నడుముకు ముందుకు పొడుచుకొచ్చిన పెద్ద బండ, దాని కింద చల్లటి నీడ, గోడ వెంబడి ఏడాది పొడవునా చెమర్చే ఊట. గోడ మీద రేగుపండంత గుడ్లు గుంపులు గుంపులుగా అతుక్కుని ఉంటాయి. పిల్లలు పోయిన పాత పెంకులు సున్నపు బొట్లలా మిగిలిపోతాయి. బంగారు బల్లులు ఏటేటా అదే గోడకు వచ్చి గుడ్లు పెడతాయని, గోడ పోతే అవి ఇంకో ఇల్లు వెతుక్కోలేవని శ్రీవాణి చెబుతుంది. ఆమె ఈ బల్లుల మీద పరిశోధన చేస్తోంది. జమ్మలమడుగులో గది తీసుకుని ఉంటూ, మధ్యమధ్య కడప ఆఫీసులకు తిరుగుతుంది. ఆమె లేనప్పుడు బల్లులకు చుక్కలు పెట్టడం, గవిలోకి మేకలనూ తాగుబోతులనూ క్వారీ మనుషులనూ రానివ్వకపోవడం కమాల్ బాషా పని.

మొదటి రోజు ఆమె "బల్లులంటే మీకు ఇష్టమేనా?" అని అడిగింది. "శానా" అన్నాడు. పచ్చి అబద్ధం. బల్లిని చూస్తే అతనికి చిన్నప్పటినుంచీ ఒళ్లు జలదరిస్తుంది. కొండ అవతల కంకర మిషను పెట్టిన హనుమంతయ్య, రెండు కొండలు మింగి ఈ మూడోదాని మీద కన్ను వేసినప్పుడు, ఈ బల్లుల వల్ల ఆయన పని ఆగిందని విన్నాడు. తెల్లవారేసరికి ప్రొద్దుటూరు బియ్యం మిల్లులో కాపలా పని మానేసి వచ్చి శ్రీవాణి గది ముందు నిలబడ్డాడు. హనుమంతయ్య గొంతులో ముల్లయ్యేది పామైనా తేలైనా కమాల్ బాషా దానికి పాలు పోసి పెంచేవాడే.

హనుమంతయ్య ప్రొద్దుటూరులో పెద్ద బట్టల సావుకారు. ఆయన పాత క్వారీలో కమాల్ బాషా, తమ్ముడు కలీం రాళ్లకు తూట్లు వేసి మందు దట్టించేవాళ్లు. ఒకనాటి సాయంత్రం ఒక తూటులో మందు పేలలేదు. పేలని మందును ఆ రాత్రికి వదిలేయాలి, దగ్గరికి పోకూడదు. పొద్దుపోతోందని, అక్కడే మళ్లీ డ్రిల్లు పెట్టమని పైనుంచి మాట వచ్చింది. కలీం డ్రిల్లు పట్టుకున్నాడు. అన్న పక్కన కడ్డీ పట్టుకుని ఉన్నాడు. జీపు జమ్మలమడుగు ఆసుపత్రి చేరేవరకూ కలీం తల అన్న ఒళ్లోనే ఉంది. "చెప్పినట్లే చేసినా కదా భాయ్" అన్నాడు రెండుసార్లు. మూడోసారి అనలేదు.

చావుకంటే ఆ తర్వాతి మాటే కమాల్ బాషాను ఇన్నేళ్లూ నిద్రపోనివ్వలేదు. పెన్నలో చేపలను పేల్చేవాళ్లకు అమ్ముకోవడానికి కలీం తూటులోని మందు దొంగతనంగా తవ్వుతుంటే పేలిందని హనుమంతయ్య పోలీసులకు చెప్పాడు. కాగితాల మీద అదే నిలిచింది. నోళ్లలోనూ అదే నిలిచింది. అప్పటికి కలీం కూతురు మసరత్ ఉయ్యాలలో ఉంది. బడిలో మందుదొంగ కూతురు, సంబంధాలు చూసేటప్పుడు మందుదొంగ కూతురు, ఇప్పుడు పులివెందులలో అత్త నోరు చేసుకున్నప్పుడల్లా మందుదొంగ కూతురు. హనుమంతయ్య తన నోటితో ఆ మాట కడగాలి, పదిమంది ముందు కడగాలి. కమాల్ బాషాకు కావలసింది అదొక్కటే. దానికోసం బల్లులకు చాకిరీ చేస్తున్నాడు.

పొద్దు నెత్తిమీదికొచ్చే వేళకు కింది నుంచి పిలుపు వినిపించింది.

"బాషా మామా! ఓ బాషా మామా!"

హనుమంతయ్య మనవడు సుమంత్. మిషను యవ్వారమంతా ఇప్పుడు ఇతనే చూస్తున్నాడు. నున్నటి బూట్లు బండల మీద జారుతుంటే చేతులతో పాకుతూ ఎక్కి వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"ఏందప్పా, దోవ తప్పినావా? మీ మిషన్లు ఆ పక్కన ఉండాయి."

"తాత వచ్చినాడు మామా. కింద కార్లో ఉండాడు. నువ్వొకసారి దిగి రావల్ల."

"నాతో ఏం పని ఆయప్పకు?"

సుమంత్ చెప్పడానికి సిగ్గుపడ్డాడు. "మొన్న తాతకు నడినెత్తిన బల్లి పడింది. పంచాంగం తీసి సూసుకున్నాడు. ఇంగ సావే అని పట్టుకున్నాడు. అన్నం తినల్యా, కన్ను మూయల్యా."

"మీ ఇంట్లో కంచికి పోయొచ్చినోళ్లు ల్యారా?"

ఆ మాట వెక్కిరింపు కాదు. బల్లి మీద పడితే, కంచిలో బంగారు బల్లిని ముట్టుకొచ్చిన మనిషి చేత ముట్టించుకుంటారు. దోషం పోతుంది. కమాల్ బాషా తల్లి కూడా బల్లి పడినప్పుడల్లా పక్కింటికి పరుగెత్తి, కంచికి పోయొచ్చిన ముసలమ్మ చేత నెత్తిన చెయ్యి పెట్టించుకుని వచ్చేది.

"అందరమూ పోయొచ్చినోళ్లమే. అవ్వ ముట్టింది, నేను ముట్టినా. నిన్న మళ్లీ ఇంకోటి పడింది. కంచిలోది లోహంది, నామీద పగబట్టింది పాణమున్నవి అంటాండాడు. పాత క్వారీలో మందు పెట్టినప్పుడు ఇట్లాంటివే రాళ్లల్లో పచ్చగా పడి కొట్టుకుంటా ఉండెనంట. దినామూ ఈటిని పట్టే చెయ్యి నెత్తిన పెడితేనే పోతాదని ఒకటే పోరు."

కమాల్ బాషా తన చేతిని తిప్పి చూసుకున్నాడు. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఇన్నేళ్ల తర్వాత ఆ సావుకారుకు లోకంలో కావలసిన ఒకే ఒక్క వస్తువు ఈ చెయ్యి. అదీ, ఆయన క్వారీయే ఆనాడు సగం కొరికి పారేసిన చెయ్యి.

"బల్లి శానా తెలివైందప్పా. యాడ పడాల్నో దానికి బాగా తెలుసు" అన్నాడు.

"నీకు దండం పెడతా మామా. నువ్వొచ్చి ముడితే ఈ కొండ జోలికి రాము. పని ఆపినారని కోర్టులో వేసిన కేసు కూడా వాపసు తీసుకుంటాం."

"కొండ సంగతి శ్రీవాణమ్మతో మాట్లాడుకో. నాకి పనుంది. అయినాక వస్తా. కూసోమను."

పని పెద్దగా లేదు. అయినా చేశాడు. చుక్క పెట్టిన బల్లులనే మళ్లీ చూశాడు. రంగు డబ్బా మూత తుడిచాడు. ఊట దగ్గర చేతులు కడుక్కుని, జొన్నరొట్టె విప్పుకుని, ఊరిబిండి నంజుకుంటూ ఒక్కొక్క ముద్దా బాగా నమిలి తిన్నాడు. గవి వాకిట్లో కూర్చుంటే కింద ఎండలో తెల్లకారు కనిపిస్తోంది. చుట్టుపక్కల చెట్టన్నది లేదు. ఉన్నవన్నీ ఆ సావుకారే కొట్టించాడు. ఉడకనీ అనుకున్నాడు. ఆ రొట్టె అతనికి పండగనాటి బిర్యానీ కంటే రుచిగా ఉంది.

తీరిగ్గా దిగి వెళ్లేసరికి సుమంత్ కారు వెనక తలుపు తెరిచాడు. లోపల చల్లగా ఉంది. హనుమంతయ్య సీటు మూలకు ఒదిగి కూర్చున్నాడు. ఒకప్పుడు క్వారీ గట్టున నిలబడి కేకేస్తే లోయలో వాళ్లు ఉలిక్కిపడే మనిషి. ఇప్పుడు మెడ సన్నబడి చొక్కా కాలరులో వదులుగా ఆడుతోంది. చేతుల మీద నల్లమచ్చలు. కళ్లు మాత్రం నిద్రలేక ఎర్రగా, పెద్దగా ఉన్నాయి.

"నువ్వు కలీం అన్నవు గదూ" అన్నాడు.

పేరు గుర్తుంది ముసలాడికి. మరిచిపోయి ఉంటాడనుకుంటే ఇంతకాలం కొంచెం తేలిగ్గా ఉండేది. పేరు గుర్తు పెట్టుకునే పగలు అన్నం తిన్నాడు, రాత్రి నిద్రపోయాడు. కమాల్ బాషాకు ఒళ్లు మండిపోయింది.

"వాడు దొంగ అని చెప్పినావు సావుకారా."

"చెప్పినా."

"దొంగేనా?"

సుమంత్ ముందుకు వంగి "తాతా, వద్దు" అన్నాడు. ముసలాయన మనవడి వైపు చూడలేదు.

"కాదు. మళ్లీ డ్రిల్లు పెట్టమని చెప్పింది నేనే. పొద్దుపోతాందని."

"ఆ మాట నాకి చెప్తే ఏం లాభం? నా చెయ్యి ఆపొద్దు ఆడనే ఉండె. గోవిందమ్మ అంగడి కాడికి రా. అందరి ముందర చెప్పు."

"చెప్తే ముడతావా?"

"చెప్తే ముడతా."

"మాట?"

"మాట."

అప్పుడు అతను నిజంగానే ముడదామనుకున్నాడు. అందులో కపటం లేదు.

గోవిందమ్మ టీ అంగడి కంకర మిషను గేటు ఎదురుగా ఉంది. రేకుల పందిరి, రెండు బల్లలు. తెల్లదుమ్ము పట్టిన కూలీలు, టిప్పరు డ్రైవర్లు టీ తాగుతున్నారు. సావుకారు కారు దిగగానే బల్లల మీదివాళ్లంతా లేచి నిలబడ్డారు. ఆయన మనవడి భుజం పట్టుకుని పందిరి దాకా నడిచాడు. అంగడి ముందు ఆగి, దేవళంలోకి పోయేవాడిలా చెప్పులు విడిచి, కాలితో సర్ది పక్కపక్కన పెట్టాడు. గోవిందమ్మ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"పాత క్వారీలో సచ్చిపోయిన కలీం దొంగ కాదు" అన్నాడు హనుమంతయ్య.

"గట్టిగా చెప్పు సావుకారా. టిప్పరు సప్పుడవుతాంది" అన్నాడు కమాల్ బాషా.

ఎవరో పోయి టిప్పరు ఆపారు.

"కలీం దొంగ కాదు. మందు దొంగిలించల్యా. పేలని తూటు మీద డ్రిల్లు పెట్టించింది నేను. నా మీదికి రాకుండా వాని మీద చెప్పినా. వాడు చెప్పినట్లు చేసినాడు, అంతే."

చెట్టంత మగవాళ్లు గ్లాసులు పట్టుకుని కదలకుండా నిలబడ్డారు. బల్ల చివర నిలబడ్డ ఒక ముసలి కూలీ తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. అతను ఆనాడు జీపు వెనక ఎక్కినవాడు. కమాల్ బాషా వినాలనుకున్నది విన్నాడు. ఇంతేనా అనిపించింది. ఇంత చిన్న మాటకు ఇన్నేళ్లా?

హనుమంతయ్య తల వంచాడు. నెత్తిన నాలుగు తెల్లవెంట్రుకలున్నాయి. వాటి మధ్య చర్మం పలచగా, నడినెత్తిన నరం పసిపిల్లల మాడులా కొట్టుకుంటోంది. కమాల్ బాషా చెయ్యెత్తాడు. మూడు వేళ్లూ ఆ నరానికి బెత్తెడు దూరంలోకి వచ్చాయి.

ముడితే ఈ మనిషి ఇంటికి పోయి కడుపునిండా తిని నిద్రపోతాడు. ఆలోచన అంత స్పష్టంగా వచ్చింది. తాను ముట్టకపోతే నిద్రపోడు. కలీం తల ఒళ్లో పెట్టుకున్నప్పటి బరువు తొడల మీద మళ్లీ తెలిసింది.

"ముట్టను" అన్నాడు.

"ఏమి బాషా? సచ్చేటోనికి మాటిచ్చినావు గదా?" హనుమంతయ్య తలెత్తకుండానే అడిగాడు.

"ముట్టను సావుకారా. నా తమ్ముని మీద నువ్వేసిన దోషం ఇన్నేండ్లు మేం మోసినాం. నీది నువ్వు మోసుకుంటా పో."

ముసలాయన ఇంకా కొంతసేపు తల వంచే ఉన్నాడు, మాట మారుతుందేమోనని. మారలేదు. సుమంత్ వచ్చి రెక్క పట్టుకున్నాడు. ఆయన ఒట్టికాళ్లతో కాలే దుమ్ములో కారు దాకా నడిచాడు. కారు తలుపు వేసి సుమంత్ వెనక్కి తిరిగాడు.

"ఈ కొండ ఎట్ల నిలుస్తాదో సూస్తా" అన్నాడు.

కారు పోయింది. కమాల్ బాషా టీ అడిగి తాగాడు. కడుపు చల్లబడింది. దాచుకోవడానికి ఏముంది, పట్టరాని సంతోషంగా ఉంది. గోవిందమ్మ గ్లాసు తీసుకుంటూ "ముట్టింటే నీ సొమ్మేం పోతాండెనప్పా?" అంది. అతను టీ డబ్బులు బల్ల మీద పెట్టి లేచాడు.

సాయంత్రం బల్లులు గోడ మీదికి వచ్చే వేళకు మళ్లీ గవికి ఎక్కాడు. పొద్దున చుక్క పెట్టిన బల్లి పైకప్పు మీద ఉంది. కింద గుడ్ల గుంపు, వాటి మీద ఊటనీళ్ల తడి. సుమంత్ మాట అప్పుడు తలకెక్కింది. కొండ జోలికి రామన్నాడు, దండం పెట్టాడు. ముట్టి ఉంటే వాళ్లు కొండను కూడా వదిలేసేవాళ్లు. తన కసి తీరడానికి వీటి ఇంటిని పణంగా పెట్టాడు. బల్లుల కోసం భయపడటం అతనికి అదే మొదలు. ఆ భయం నచ్చలేదు.

దిగి వచ్చేసరికి అంగడి మూసే పనిలో ఉంది గోవిందమ్మ. అతన్ని చూసి తల పక్కకు తిప్పుకుంది.

"పోయినాడంట. ప్రొద్దుటూరు చేరకముందే. తాత నిద్రపోయినాడని మనవడు అనుకున్నాడంట" అంది.

కమాల్ బాషా బల్ల మీద కూర్చున్నాడు. జేబులో ఫోన్ మోగింది. పులివెందుల నుంచి మసరత్.

"పెద్దనాయనా, ఎవరో వీడియో తీసి పంపించినారు. ఈడ అందరూ సూసినారు. మా అత్త కూడా సూసింది" అంది. "మీ నాయన దొంగ కాదులే మ్మే అనింది. నాతో అట్ల ఎన్నడూ మాట్లాడల్యా. కూసోబెట్టి అన్నం పెట్టింది."

"తిన్నావా అమ్మా?" అన్నాడు. అతని కళ్లు నిండాయి. బతికినందుకు ఈ ఒక్క మాట చాలు అనుకున్నాడు.

మసరత్ ముక్కు ఎగబీల్చుకుంది. వెనక ఎవరివో గిన్నెల చప్పుళ్లు వినిపించాయి.

"వీడియో కడాకు సూసినాక ఇంకో మాట అనింది పెద్దనాయనా."

"ఏమనింది?"

"దొంగలైతే కారు గానీ, మాటిచ్చి తప్పే ఇల్లు మీదని. సావబోయేటోనికి మాటిచ్చి తప్పినారని." ఆమె ఏడుస్తోంది. "ఎందుకు ముట్టల్యా? ఒక్క చెయ్యే గదా. నాయన పేరు మద్యాన్నమే గదా బాగయింది. సాయంత్రానికే మళ్లీ..."

కమాల్ బాషా ఫోన్ను ఇంకో చెవికి మార్చుకున్నాడు. వాళ్లెవరో పిలిస్తే ఆమె పెట్టేసింది.

అంగడి ముందు గోవిందమ్మ చీపురు పట్టుకుని ఆగిపోయి ఉంది. "ఈటిని ఏం చేసేదప్పా? సచ్చిపోయినాయన చెప్పులు, నేను ముట్టను. నువ్వు తీసకపోయి వాళ్ల గేటు కాడ పెట్టు" అంది.

అతను లేచి వెళ్లి వంగాడు. చెయ్యి చాచాడు. చెయ్యి చెప్పులకు బెత్తెడు ఎత్తున ఆగింది, ఇంకా కిందికి పోలేదు. గోవిందమ్మ చూసి, చీపురు లోపల పెట్టి, తలుపు వేసుకుంది. కొంతసేపటికి అతనూ లేచి జమ్మలమడుగు దారి పట్టాడు.

అంగడి ముందు ఆ తోలుచెప్పులు పక్కపక్కన, పందిరి వైపు తిరిగి, అట్టల మీద అరిగిన ఐదేసి వేళ్ల గుంటల్లో తెల్లదుమ్ము నింపుకుంటూ ఉండిపోయాయి.